తిత్లీ తుపాను తర్వాత తెరుచుకోని మెయిలు పెట్టె: పర్లాకిమిడి జీడిపప్పు కొట్టులో ఒక కేస్ స్టడీ

2018 అక్టోబరు 20 సాయంత్రం జీడిపప్పు కొట్టు షావుకారుగారు రిక్షాలో సీపీయూ వేసుకుని నా షాపుకొచ్చారు. వెనకే కోడలు, చేతిలో వైర్లు కుక్కిన గుడ్డసంచి. "బాబూ, తొమ్మిదేళ్ల ఉత్తరాలు ఇందులోనే ఉన్నాయి. ఎన్నిసార్లు నొక్కినా తెరుచుకోట్లేదు. నువ్వు పెట్టిందే కదా, నువ్వే సూడాల" అన్నారు. గొంతులో కోపం లేదు. కోప్పడినా నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

ఒడిశాలోని పర్లాకిమిడిలో 2005 నుంచి కంప్యూటర్లు బాగుచేస్తున్నాను. ఇటు కాశీనగర్, గుణుపురం, అటు సరిహద్దు దాటితే పాతపట్నం, టెక్కలి దాకా బండి మీద తిరుగుతాను. మా దగ్గర కొట్టు లెక్క తెలుగులో, ఆఫీసు కాగితం ఒడియాలో, మెయిలు ఇంగ్లీషులో నడుస్తాయి. ఫలానా మెయిల్ ప్రోగ్రాం నమ్మొచ్చా అని అడిగేవాళ్లందరూ పేరు పట్టుకునే అడుగుతారు. ఈ ఒక్క కొట్టులో నాలుగేళ్లలో మూడు దెబ్బలు చూశాక, పేరు కన్నా ముందు అడగాల్సింది ఇంకోటుందని నాకు గట్టిగా అనిపిస్తోంది. అది పడిపోయిన రోజున మన ఊళ్లో ఉన్న మనిషి దాన్ని లేపగలడా? ఈ కేసు వివరంగా రాయడం అందుకే.

2009లో నేను పెట్టింది

షావుకారుగారు మన్యం నుంచీ ఉద్దానం నుంచీ జీడి పిక్కలు కొని, పలాసలో పప్పు తీయించి, 10 కిలోల టిన్నుల్లో ఉత్తరాదికి పంపుతారు. డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని గ్రేడ్లు. పౌను బరువుకి సుమారు ఎన్ని గుండ్లు, అంటే విరగని పప్పులు, తూగుతాయో ఆ అంకె. ధర ఫోన్లో మాట్లాడుకున్నా, చివరి మాట మెయిల్లో ఖాయం చేసుకుంటారు. అంటే ఆ మెయిలే వాళ్లకి ఒప్పంద పత్రం.

2009లో కొట్టు పేరు మీద ఒక డొమైను కొని, హోస్టింగ్ కంపెనీ (మెయిళ్లకి సర్వర్లో జాగా ఇచ్చేవాళ్లు) ఇచ్చిన మెయిల్ ఖాతాని మైక్రోసాఫ్ట్ మెయిల్ ప్రోగ్రాం ఔట్‌లుక్ 2007లో పాప్ పద్ధతిలో కట్టాను. కొత్తవాళ్లకి ఈ తేడా నేనిలా చెబుతాను. పాప్ అంటే పోస్టాఫీసు నుంచి ఉత్తరాలు ఇంటికి తెచ్చేసుకోవడం. ఐమ్యాప్ అంటే ఉత్తరాలు పోస్టాఫీసులోనే ఉంచి, ఇంట్లో నకళ్లు పెట్టుకోవడం. హోస్టింగ్ వాళ్ల పెట్టె చిన్నది, నాలుగు టిన్నుల ఫొటోలొస్తే నిండిపోయేది. అందుకని 'సర్వర్లో ఒక కాపీ ఉంచు' అన్న గడిలో టిక్కు లేకుండా వదిలేశాను. ఆ రోజుకి అది సబబే. కానీ దానర్థం, వచ్చిన ప్రతి మెయిలుకీ ఈ భూమ్మీద ఒకే ఒక్క చోటు మిగిలింది. కొట్టులో ఉన్న ఆ డిస్కు, అందులో ఔట్‌లుక్ మెయిళ్లన్నీ దాచే ఒక పీఎస్‌టీ ఫైలు.

బ్యాకప్ లేదా అంటే ఉంది, పేరుకి. ఏడాదికోసారి ఆ ఫైలుని అదే డిస్కులో డి డ్రైవులోకి కాపీ చేసేవాళ్లు. ఆఖరి కాపీ 2017 ఉగాదినాటిది.

తుపాను, జనరేటరు

తిత్లీ 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో జీడి తోటలు, కొబ్బరి తోటలు వేళ్లతో సహా పడిపోయాయి. మా గజపతి జిల్లా కొండల్లో చరియలు విరిగిపడి మనుషులే పోయారు. అంత నష్టం మధ్య మెయిలు పోయిందని ఏడవడానికి ఎవరికీ నోరు రాలేదు. కానీ చెట్లు పోయిన ఏడాది కాబట్టే పాత ఒప్పందాలు, రావాల్సిన బాకీలు ప్రాణంతో సమానమయ్యాయి.

మా వీధికి తొమ్మిదో రోజు దాకా కరెంటు లేదు. 16న కోడలమ్మ జనరేటరు వేయించి, సరుకు ఆలస్యమవుతుందని కొనుగోలుదార్లకి చెబుదామని మెయిల్ తెరిచింది. వారం రోజుల మెయిళ్లు ఒక్కసారిగా దిగుతున్నాయి. మధ్యలో డీజిల్ అయిపోయింది. యూపీఎస్ బ్యాటరీ ముసలిది, పట్టుమని పది సెకన్లు నిలవలేదు. మర్నాడు తెరిస్తే ఫైల్లో తప్పులున్నాయి, ముందు రిపేరు పనిముట్టు నడపమని సందేశం.

నేను మొదట అనుమానించింది సైజుని. పాతకాలం పీఎస్‌టీ 2 జీబీ దాటితే చాలు, తెరుచుకోదు. ఔట్‌లుక్ 2003, 2007 చేసే కొత్తరకం ఫైలుకి మామూలుగా 20 జీబీ హద్దు. 2010 నుంచి అది 50 అయింది. ఈ ఫైలు 17.4 జీబీ. హద్దు లోపలే ఉంది. కాబట్టి అది కాదు.

అసలు సంగతి కరెంటే. పీఎస్‌టీ ఒక పెద్ద చిట్టా పుస్తకం లాంటిది. ఏ ఉత్తరం ఏ పేజీలో ఉందో చెప్పే పట్టిక కూడా ఆ పుస్తకంలోనే ఉంటుంది. కొత్త మెయిలు వస్తే పేజీ రాయాలి, పట్టికా దిద్దాలి. రెండింటి మధ్య ప్రాణం పోతే పట్టిక ఒకటి చెబుతుంది, పేజీలో ఇంకోటి ఉంటుంది. ఏ ప్రోగ్రామైనా ఆ స్థితిలో పడితే ఇంతే. తప్పు నా ఏర్పాటుది. ఒకే ఫైలు, ఒకే డిస్కు, చచ్చిన బ్యాటరీ.

రిపేరు

మొదటి గంట నేనేమీ రిపేరు చేయలేదు. డిస్కు తీసి, నా మిషన్‌కి తగిలించి, పాడైన ఫైలుని ఉన్నదున్నట్టు రెండు చోట్లకి కాపీ చేశాను. ఈ వృత్తిలోకి వచ్చే కుర్రాళ్లకి చేతులు పట్టుకుని చెప్పాలనిపిస్తుంది. రిపేరు పనిముట్టు ఫైలుని దిద్దుతుంది, దిద్దడంలో తనకి అర్థం కాని ముక్కల్ని పారేస్తుంది కూడా. అసలు ప్రతి పక్కన లేకుండా దాన్ని ముట్టుకోకూడదు.

స్కాన్‌పీఎస్‌టీ అన్న రిపేరు పనిముట్టు ఔట్‌లుక్‌తోపాటే వస్తుంది. 2007 అయితే ఆఫీస్12 ఫోల్డర్లో దాక్కుని ఉంటుంది. రిపేరుకి ముందు తనే ఒక బ్యాకప్ ఫైలు రాసుకుంటుంది కాబట్టి ఇంకో 17 జీబీ జాగా కావాలి. షావుకారుగారి డిస్కులో 11 జీబీయే ఖాళీ. కొట్టులోనే నడిపి ఉంటే మధ్యలో ఆగిపోయేది. నా దగ్గర పెద్ద డిస్కు మీద, ఇన్వర్టరు మీద రాత్రి ఎనిమిదింటికి మొదలుపెట్టాను. ఎనిమిది దశలు. ఏడో దశలో గీత కదలకుండా గంటన్నర నిలబడింది. డిస్కు లైటు మినుకుమినుకుమంటూనే ఉంది కాబట్టి వేచి ఉన్నాను. లైటు చూడకుండా కిటికీ మూసేసేవాళ్లే ఎక్కువ. అలా మూసేసిన ఫైళ్లు నా దగ్గరకి మూడొచ్చాయి.

ఒక్కసారితో సరిపోలేదు. తప్పులేమీ లేవని చెప్పేదాకా మళ్లీ మళ్లీ నడపాలి. నాలుగోసారికి చెప్పింది. తెరిస్తే కొత్తగా 'లాస్ట్ అండ్ ఫౌండ్' అని ఒక ఫోల్డరు, దాన్నిండా తల్లీతండ్రీ లేని మెయిళ్లు. ఏ ఫోల్డర్లోవో తెలియదు కానీ తేదీ, పంపినవాళ్ల పేరు, లోపలి మాట అన్నీ ఉన్నాయి. 400 పైచిలుకు మాత్రం ఖాళీ కవర్లు. పేరుంది, లోపల ఏమీ లేదు.

షావుకారుగారికి అన్నిటికన్నా ఒక్క మెయిలే కావాలి. సెప్టెంబరులో ఢిల్లీకి పంపిన రెండు లాట్లకి డబ్బు ఆగిపోయింది. తాము మొత్తం డబ్ల్యూ 320 గుండ్లే అడిగామని, బద్ద (చీలిన పప్పు) కలిపి పంపారని అటువైపు వాదన. బద్ద కలపడానికి ఒప్పుకుంటూ వాళ్లే రాసిన మెయిలు ఉందని ఈయన మాట. కోడలమ్మ లాస్ట్ అండ్ ఫౌండ్‌ని తేదీ వరసలో పేర్చి, సెప్టెంబరు 3 దగ్గర ఆగి, వేలు స్క్రీనుకి ఆనించి, "మావయ్యగారూ, ఇదిగోండి" అంది. మెయిలు నిండుగా ఉంది, జతచేసిన ఆర్డరు కాగితం కూడా తెరుచుకుంది. కింద వాళ్ల పేరు, పైన వాళ్ల సర్వరు వేసిన తేదీ, సమయం. పైభాగంలో ఉండే దారి వివరాలతో సహా ప్రింటు తీసి పంపాం. దీపావళికి ముందే డబ్బు పడింది.

ఎవరిని అడగాలి

ఈ పదిరోజుల్లో సపోర్టు కోసం మేం తట్టిన తలుపుల గురించి చెప్పాలి, ఎందుకంటే అసలు పాఠం నాకు అక్కడే దొరికింది.

ఔట్‌లుక్ 2007కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2017 అక్టోబరు 10తో ముగిసింది. తిత్లీ వచ్చేనాటికి సరిగ్గా ఏడాది మీద ఒక రోజు. ఆ తేదీ చాలా ముందే ప్రకటించిందే, దాచిందేమీ కాదు. పనిచేస్తోంది కదా అని మేమే పట్టించుకోలేదు. హోస్టింగ్ కంపెనీకి రాశాం. సర్వర్లో పాత మెయిళ్లేవీ లేవని మూడో రోజున ఒక్క వాక్యం జవాబొచ్చింది. నిజమే, నేనే ఉంచలేదు. ఆ ఖాళీ కవర్ల కోసం షావుకారుగారి అబ్బాయి విశాఖ నుంచి ఒక రికవరీ సాఫ్ట్‌వేర్ కొనిపించాడు. డబ్బు కట్టకముందు అది ఖాళీ కవర్ల పేర్లన్నీ వరసగా చూపించింది. ఆరు వేలు కట్టాక కూడా ఆ పేర్లే చూపించింది. లోపలి మాట ఒక్కటీ రాలేదు. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లకి రాసిన ప్రతి ఉత్తరానికీ ఒకే అచ్చు జవాబు. కంటికి కనిపించేది జాబితా మాత్రమేనని, ఒక్క మెయిలైనా పూర్తిగా తెరిచి చూపించమని అడగాలని నాకు అప్పుడే తట్టి ఉంటే ఆ ఆరు వేలు మిగిలేవి.

చివరికి సాయం చేసింది ఎక్కడో ఉన్న మనుషులు కాదు, కాగితాల మీద ఉన్న జ్ఞానం. పీఎస్‌టీ లోపల ఏముంటుందో మైక్రోసాఫ్ట్ 2010లోనే పూర్తిగా ప్రచురించింది. పీఎస్‌టీని చదవగల ఉచిత పనిముట్లు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టంలో ఉన్నాయి. అసలు ప్రతి నుంచి వాటితో తీస్తే ఖాళీ కవర్లలో ఇంకో అరవై నిండాయి. ఫైలు గుట్టు నలుగురికీ తెలిసి ఉండటమే మాలాంటి ఊళ్లకి నిజమైన సపోర్టని ఆ రాత్రి నాకు తెలిసొచ్చింది.

మార్చిన ఏర్పాటు

ఔట్‌లుక్ బదులు థండర్‌బర్డ్ అనే ఉచిత మెయిల్ ప్రోగ్రాం ఎంచుకున్నాను. సంకోచించకుండా ఎంచుకున్నానంటే అబద్ధం. 2012 జులైలో మొజిల్లా దాని మీద పని తగ్గించేస్తున్నామని చెప్పినప్పుడు, ఇద్దరు ఖాతాదారుల దగ్గర నేనే తీయించేశాను. 2017లో మొజిల్లా ఫౌండేషన్ నీడలోనే ఉంటుందని తేలాక కాస్త ధైర్యమొచ్చింది. 2020 జనవరిలో దానికోసమే ఒక అనుబంధ సంస్థ పెట్టారు. వాడేవాళ్ల విరాళాల మీద నడుస్తోంది. కానీ నా నిర్ణయానికి కారణం అది బతుకుతుందన్న నమ్మకం ఒక్కటే కాదు. రేపు ఆగిపోయినా దాని మెయిళ్లు ఎంబాక్స్ అనే మామూలు అక్షరాల ఫైళ్లలో ఉంటాయి. యూడోరా అనే పాత మెయిల్ ప్రోగ్రాం సంగతి చూడండి. 1988లో పుట్టింది, 2006లో క్వాల్‌కామ్ ఆపేసింది. దాని పెట్టెలూ దాదాపు ఇదే తరహా కాబట్టి ఇవాళ్టికీ ఏ టెక్స్ట్ ఎడిటర్లోనైనా చదవొచ్చు.

మెయిలుని ఐమ్యాప్‌తో జీమెయిల్‌కి మార్చాం. ఉచిత జాగా 15 జీబీ, అందులోనే ఫొటోలూ డ్రైవూ. కాబట్టి 2015 నుంచి ఉన్న 6 జీబీ మాత్రమే పైకి ఎక్కించి, పాతవి థండర్‌బర్డ్ లోకల్ ఫోల్డర్లలో ఏడాదికొకటి చొప్పున పెట్టాను. ఎక్కించడానికి ఐమ్యాప్‌లో రోజుకి 500 ఎంబీ దాటనివ్వరు. ఆ లెక్కన 12 రోజులు తేలాయి, మా బ్రాడ్‌బ్యాండు పుణ్యమా అని 19 పట్టాయి. రోజూ సాయంత్రం కోడలమ్మ కొన్ని నెలల మెయిళ్లు లాగి వదిలేది. పొద్దున్నే అంకెలు రెండువైపులా సరిచూసి నాకు ఫోను: "అన్నయ్యా, మార్చి సరిపోయింది. ఏప్రిల్లో రెండు తక్కువ." ఆ రెండు తక్కువలు వెతకడమే అసలు పని.

రెండో దెబ్బ

2021లో ఒక ఉదయం ఇన్‌బాక్స్ ఖాళీ, 2011 ఫోల్డరూ ఖాళీ. యాంటీవైరస్ కొత్తగా అప్‌డేటయి, రెండిట్లోనూ ఏదో చెడ్డ అటాచ్‌మెంట్ కనిపెట్టింది. ఎంబాక్స్‌లో ఒక ఫోల్డరంటే ఒకే ఫైలు కదా. ఒక్క ఉత్తరంలో విషం ఉందని మొత్తం సంచీనే పట్టుకుపోయింది. థండర్‌బర్డ్ వాళ్లు మెయిల్ ఫోల్డర్ని స్కానింగ్ నుంచి మినహాయించమని చెబుతూనే ఉంటారు. నేను ముందే ఆ పని చేసి ఉండాల్సింది.

ఇన్‌బాక్స్ గొడవే లేదు. సర్వర్లో ఉంది కాబట్టి మధ్యాహ్నానికి మళ్లీ దిగిపోయింది. 2018లో పదిరోజులు పట్టిన దెబ్బ ఈసారి ఒక పూటతో పోయింది. 2011 ఫోల్డరు మాత్రం ఇక్కడే ఉన్నది. యాంటీవైరస్ పట్టుకున్నవాటిని దాచే క్వారంటైన్ నుంచి వెనక్కి తెచ్చి, 380 ఎంబీ ఫైలుని ఎడిటర్లో తెరిచాను. కోడలమ్మ పక్కన కూర్చుంది. ప్రతి ఉత్తరం 'ఫ్రమ్' అన్న మాటతో మొదలయ్యే ఒక గీతతో ఆరంభమవుతుంది. దాని కింద ఎక్స్-మొజిల్లా-స్టేటస్ అని ఒక పంక్తి, పక్కన నాలుగంకెలు. 0001 అంటే చదివినది. 0009 అంటే చదివి, తీసేసినది. తీసేసినా ఉత్తరం ఫైల్లో అలాగే పడుంటుంది. 'కాంపాక్ట్' నొక్కినప్పుడే నిజంగా పోతుంది. అటాచ్‌మెంట్ పేరు వెతికి, ఆ ఉత్తరం మొదటి గీత నుంచి తర్వాతి ఉత్తరం గీత ముందు దాకా ఎంచి తీసేశాను. సేవ్ చేసి, పక్కనున్న ఎంఎస్‌ఎఫ్ ఫైలుని, అంటే ఆ ఫోల్డరు ఉత్తరాల సూచికని, చెరిపేసి థండర్‌బర్డ్ తెరిస్తే, సూచిక మళ్లీ అదే కట్టుకుంది. ఉత్తరాలన్నీ వచ్చాయి, ఒక్కటి తప్ప.

నాలుగు నెలల తర్వాత ఆమె ఒక బ్యాంకు ఉత్తరం పొరపాటున తీసేసి, ట్రాష్ కూడా ఖాళీ చేసింది. నాకు ఫోను చేయలేదు. ఫైలు కాపీ చేసుకుని, ఎడిటర్లో తెరిచి, 0009ని 0001గా మార్చి, సూచిక చెరిపి, ఉత్తరం వెనక్కి తెచ్చుకుంది. సాయంత్రం చెప్పింది. ఈ మొత్తం కేసులో నాకు అన్నిటికన్నా సంతోషమిచ్చిన కబురు అదే.

మూడో దెబ్బ

2022 మే 30తో గూగుల్ ఉత్త పాస్‌వర్డుతో బయటి ప్రోగ్రాములు లోపలికి రావడం ఆపేసింది. ముందుగానే చెప్పారు, కారణమూ మంచిదే. కానీ ఆ వారం నాకు పాతిక ఫోన్లు. పాస్‌వర్డు కరెక్టే కదా, ఎందుకు మళ్లీ మళ్లీ అడుగుతోందని. థండర్‌బర్డ్‌లో సర్వరు సెట్టింగుల్లోకి వెళ్లి లాగిన్ పద్ధతిని ఓఆథ్2కి (ప్రోగ్రాంకి పాస్‌వర్డు ఇవ్వకుండా గూగుల్ కిటికీలోనే లాగిన్ అయ్యే పద్ధతి) మారిస్తే చాలు. కుకీలు ఆపేసి ఉంటే మాత్రం లాగిన్ కిటికీ తిరిగి తిరిగి మొదటికే వస్తుంది. గుమస్తాగారి బల్ల మీద పాత ఔట్‌లుక్ 2007 ఇంకా ఉండేది, దానికి ఈ కొత్త పద్ధతి తెలియదు. ఆయనకి అలవాటు తప్పించడం ఇష్టం లేకపోయినా అక్కడా థండర్‌బర్డే పెట్టాం. స్కాన్ చేసి మెయిల్ పంపే ప్రింటరు ఒకటుంది. దానికి 16 అక్షరాల యాప్ పాస్‌వర్డు తీయాల్సి వచ్చింది. అది కావాలంటే రెండంచెల తనిఖీ, అంటే పాస్‌వర్డు తర్వాత ఇంకో రుజువు అడిగే పద్ధతి, ఉండాలి.

అక్కడ పెద్ద చిక్కు. తనిఖీ షావుకారుగారి ఫోనుకి కట్టాం. ఆయన పిక్కలు చూడటానికి మహేంద్రగిరి వైపు వెళ్తే రోజంతా సిగ్నల్ ఉండదు. గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్లు ప్రింటు తీసి, ఇనప్పెట్టెలో, చిట్టా పుస్తకాల పక్కన కవర్లో పెట్టించాను. వాడిన కోడుని పెన్నుతో కొట్టేసి, పక్కన తేదీ వేయడం కోడలమ్మ పెట్టిన అలవాటు.

ఇప్పుడెలా ఉంది

పాత విండోస్ 7 మిషన్ పోయింది. థండర్‌బర్డ్ 115 తర్వాత దాని మీద నడవదు. కొత్త బ్యాటరీతో యూపీఎస్ ఉంది. బ్యాటరీ మీద మార్కరుతో కొన్న తేదీ రాశాను. రెండు బయటి డిస్కులు, ఒకటి కొట్టులో, ఒకటి ఇంట్లో, నెలనెలా అటూ ఇటూ మారుతాయి.

ఏడాదికి రెండుసార్లు, తుపాన్ల కాలానికి ముందొకసారి, సంక్రాంతి అయ్యాక ఒకసారి, ఖాళీ కంప్యూటరు మీద బ్యాకప్ నుంచి మెయిలంతా తిరిగి కట్టి చూస్తారు. క్రితంసారి నేను కుర్చీలో కూర్చుని టీ తాగుతూ చూశానంతే. కోడలమ్మ ప్రోగ్రాం వేసి, డిస్కు తగిలించి, మెయిళ్లూ సెట్టింగులూ ఉండే ప్రొఫైలు ఫోల్డరు అతికించి, తెరిచింది. యాభై నిమిషాలు పట్టింది. షావుకారుగారు వెనక నిలబడి, "2018 సెప్టెంబరు మూడు తియ్యమ్మా" అన్నారు. తీసింది. ఆయన కళ్లజోడు సరిచేసుకుని, ఢిల్లీ వాళ్ల ఉత్తరం మొదట్నించి చివరిదాకా ఇంకోసారి చదువుకుని కొట్టులోకి వెళ్లిపోయారు.